పల్లె బోరు నీళ్లు ఊరు తిరిగి వచ్చిన వైనం

ఇంజనీరింగు చదివే రోజుల్లో మాకు నేర్పినవాటిలో నాకింకా గుర్తున్నది ఒక్కటే. నీళ్లు ఎత్తు నుంచి వంపుకి పారతాయి. ఉద్యోగంలో చేరిన ఆరునెలలకే అది మా జిల్లాకి వర్తించదని తెలిసింది. మా వైపు నీళ్లు ముందు ఊళ్లోకి పారతాయి. ఊరు తాగి, స్నానాలు చేసి, గేదెల్ని కడిగి, వాకిట్లో కళ్లాపి చల్లుకున్నాక ఏమైనా మిగిలితే పల్లెకి పారతాయి. ఎత్తూ వంపూ చూసేది ఆ తర్వాత.

మాది కాని ప్రాంతం వాళ్లకి ఒక మాట చెప్పాలి. మిరపా పత్తీ పండే మా మెట్ట ప్రాంతంలో ఊరంటే రైతుల ఇళ్లు, రామాలయం, బడి, పంచాయతీ ఆఫీసు ఉన్న చోటు. పల్లె అంటే అదే ఊరికి ఎడంగా, మధ్యలో ఖాళీ జాగా వదిలి, దళితులు ఉండే చోటు. కాగితం మీద రెండూ కలిపి ఒకటే గ్రామం. జనాభా లెక్కలప్పుడూ ఓట్లప్పుడూ కూడా ఒకటే గ్రామం. మిగతా రోజుల్లో రెండు.

గ్రామాలకి మంచినీళ్లు ఇచ్చే శాఖలో నా సర్వీసంతా గడిచింది. రిటైరై గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మెట్లెక్కి వచ్చి, "సార్, ఎస్టిమేటు ఎలా వెయ్యాలి, మెజర్‌మెంటు బుక్కు ఎలా రాయాలి" అని అడుగుతారు. అవి ఎవరైనా నేర్పుతారు నాయనా. నేను మాత్రమే నేర్పగలిగింది ఒక తప్పు. అది నా సొంత బుర్రతో కనిపెట్టిన తప్పు, ఇంకెవరికీ అందులో వాటా లేదు. దాని గురించే ఇది రాస్తున్నాను.

ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే ఆ ఒక్క ఊళ్లోనే అలా జరిగిందని మిగతా ఊళ్లన్నీ సంతోషపడతాయి.

తియ్యటి బోరు

తొంభైల చివర్లో నేను సత్తెనపల్లిలో ఏఈని, అంటే అసిస్టెంటు ఇంజనీరుని. ఆ ఊరు అక్కడికి బస్సులో గంట దూరం. ఫ్లోరైడు నీళ్ల ఊరు. చిన్నపిల్లల దగ్గర్నుంచి అందరి పళ్లకీ గోధుమరంగు గార. నలభై దాటినవాళ్లు వెనక్కి తిరిగి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి, మెడ తిరగదు. ఈ విషయంలో ఫ్లోరైడుకి మాత్రం ఏ పట్టింపూ లేదు, ఊరినీ పల్లెనీ సమానంగా చూసింది.

రిగ్గు తెచ్చి ఆరు చోట్ల బోర్లు వేయించాను. రామాలయం వెనక, బడి దగ్గర, ప్రెసిడెంటుగారి పత్తి చేలో కూడా వేశాం. ఆరూ పనికిరాని నీళ్లే. ఏడోది పల్లెలో, మరియమ్మ అనే ఆవిడ దొడ్లో పడింది. నీళ్లు ఎగజిమ్మాయి. సీసాలో పట్టి గుంటూరు ల్యాబుకి పంపిస్తే, పరీక్ష చేసినతను ఫోను చేసి మరీ అడిగాడు. "ఏంటి సార్, ఎక్కడైనా క్యాను నీళ్లు కొని పంపారా?"

మరియమ్మకి అప్పుడు యాభై ఉంటాయేమో, నడుం వంగిపోయి ఇంకా పెద్దదిగా కనిపించేది. మిరపకాయల కోతకి పోయేది. సీజను అయిపోతే కాయలకి తొడిమలు తీసే పని. ఇంట్లో ఆమే, మూడేళ్ల మనవరాలు ఎస్తేరూ. గుంటూరులో డాక్టరుకి మోకాళ్లు చూపించుకోడానికి పోతే, ఆయన ఆమె కాళ్లు వదిలేసి పిల్ల కాళ్లు చూశాడట. "నీవి ఇంక మారవమ్మా. ఈ పిల్లకి ఎముకలు ముదరకముందే మంచినీళ్లు పట్టించు, లేకపోతే దీనికీ వంకర తిరుగుతాయి" అన్నాడట. ఆ మాట ఆమె నాకు బోరు పడిన రోజే చెప్పింది. పిల్లని ఎత్తి కాళ్లు చాపి చూపించింది. అప్పటికి తిన్నగానే ఉన్నాయి.

"మా దొడ్డి రాసుకోండి సారూ. ఏలిముద్ర ఎక్కడెయ్యమంటే అక్కడేస్తా. నాకు రూపాయి వద్దు. మొదటి కుళాయి మాత్రం మా గుమ్మం ముందు పెట్టాల. ఈ పిల్ల కోసం."

"పెడతానమ్మా, నాదీ పూచీ" అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె బోరు నీళ్లు చెంబుతో తెచ్చి, "మీరు పడేసిన నీళ్లే సారూ, ముందు మీరు తాగండి" అంది. ఇప్పుడే తాగొచ్చానమ్మా అని చెప్పి జీపెక్కాను.

పల్లె రాళ్ల మెరక మీద ఉంది. ఏమీ పండని చోటు గనక ఎప్పుడో వాళ్లకి వదిలేశారు. లెవెళ్లు తీసి చూస్తే గ్రామం మొత్తానికి అదే ఎత్తు. అంటే అక్కడే ట్యాంకు కడితే ఊరికీ పల్లెకీ నీళ్లు వాటంతట అవే పోతాయి. ఇంత సుళువైన పని నా సర్వీసులో మళ్లీ తగల్లేదు. ప్లాను గీసుకుని హుషారుగా ప్రెసిడెంటుగారింటికి పోయాను.

ఆడవాళ్లు ఒప్పుకోరు

ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు బీఏ చదివినాయన. మర్యాదస్తుడు. నన్ను వరండాలో కుర్చీ వేసి కూచోబెట్టి, ప్లాస్టిక్ గ్లాసులో కాఫీ ఇప్పించాడు. పక్కనున్న పెద్దమనుషులంతా స్టీలు గ్లాసుల్లో తాగుతున్నారు. ఆఫీసర్ని గదా, నాకు కొత్త గ్లాసు తీయించారని లోలోపల పొంగిపోయాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ప్లాను చూసి ఆయన బాగా మెచ్చుకున్నాడు. గీతలు చక్కగా ఉన్నాయన్నాడు. తర్వాత కాస్త గొంతు సవరించుకున్నాడు.

"నాకేం పట్టింపుల్లేవు సార్. నేను హాస్టల్లో అందరితో కలిసి తిన్నవాణ్ణి. కాలం మారింది. కానీ పల్లెలో కట్టిన ట్యాంకు నీళ్లంటే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరండీ. పెద్దవాళ్లున్నారు గదా."

పక్కన ఒకాయన తలూపాడు. "మాకేముందండీ, మా ఆడవాళ్లతోనే."

నేను అమాయకుణ్ణి. ఆడవాళ్లనే అడుగుదామని బయల్దేరాను. కల్లంలో కాయలు ఎగదోయిస్తున్న ప్రెసిడెంటుగారి భార్యని అడిగాను. "మాదేముందయ్యా, నీళ్లు నీళ్లే. మా మగాళ్లు ఒప్పుకోరు" అంది. ఇంకో ఇంట్లో కోడలు అత్తగారి పేరు చెప్పింది. అత్తగారు దేవుడి పేరు చెప్పింది, మడినీళ్లకి పనికిరావు గదా అని. దేవుణ్ణి కూడా అడుగుదామని గుడికి పోతే తాళం వేసి ఉంది. సాయంత్రానికి తేలిందేమంటే ఆ ఊళ్లో ఎవరికీ ఏ పట్టింపూ లేదు, పక్కవాళ్లకే ఉంది.

ఇంకోటి కూడా ఆ రోజే చూశాను. అదే కల్లంలో పల్లె ఆడవాళ్లు పదిమంది కూచుని మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. వాళ్లలో మరియమ్మ ఉంది. ఆ కాయలు వాళ్లు కోసినవి, వాళ్లు ఆరబోసినవి, వాళ్లు వేళ్లతో ఒక్కొక్కటీ ఏరినవి. వాటిల్లోంచే ప్రెసిడెంటుగారింట్లో ఏడాదికి సరిపడా కారం కొట్టిస్తారు. ఆ కారం దేవుడి పులిహోరలోకీ పోతుంది. ఎండుమిరపకాయకి లేని అంటు నీళ్లకి ఎందుకొచ్చిందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నా తెలివి

నా పై అధికారి, మా డీఈ గారు, పాతకాలం మనిషి. ఆయనకి జీవితంలో ఒకటే సూత్రం, ఫైలు ఏడవకూడదు. జనం ఏడ్చినా ఫర్వాలేదు. నేను పోయి సంగతంతా చెబితే కళ్లజోడు తీసి, "ఏవయ్యా మస్తాన్‌వలీ, సంఘసంస్కరణకి మనకి బడ్జెట్టు ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"మరి పైపులకి ఉంది గదా. పైపులతో ఏదైనా చూడు."

చూశాను. రెండు రాత్రులు కాగితాల మీద గీసి, మూడోనాడు పొద్దున ఆయన బల్ల మీద పెట్టాను. బోరు మరియమ్మ దొడ్లోనే ఉంటుంది. నీళ్లని అక్కణ్ణించి మోటారుతో ఊళ్లోకి తోస్తాం. ట్యాంకు రామాలయం వెనక, ఊళ్లో కడతాం. ట్యాంకు నుంచి ఊరి వీధులకి కుళాయిలు. ఊరు అయిపోయాక, ఆ లైనే పొడిగించి పల్లెకి పట్టుకెళ్తాం. బోరు నుంచి ఊరికి పోయే మోటారు లైనుకి మధ్యలో ఎక్కడా కుళాయి ఉండదు. అంటే నీళ్లు ఊరి ట్యాంకులో పడేదాకా ఎవరి చెయ్యీ తగలదు. ప్రెసిడెంటుగారికి చెబితే నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "భలే ఆలోచన చేశారు సార్! ఇప్పుడు మా ఆడవాళ్లకేం అభ్యంతరం ఉండదు" అన్నాడు.

భూమిలో ఆ నీళ్లు పల్లె కిందే ఉన్నాయి గదా అని నేను అడగలేదు. భూమిలో ఉన్నంతసేపు వాటికి పల్లె అని తెలియదేమో.

డీఈ గారు నన్ను పక్కన కూచోబెట్టుకుని ఫైల్లో స్వయంగా రాశారు. "గ్రామస్థుల సౌకర్యార్థం ట్యాంకు స్థలం మార్చడమైనది." ఆ గ్రామస్థుల్లో మరియమ్మ లేదు. ఆమెకి నేనే పోయి చెప్పాల్సొచ్చింది.

"అంటే ఏంది సారూ, మా దొడ్లో నీళ్లు ఊళ్లోకి పోయి, అంతా తిరిగి, మళ్లా నా దగ్గరికి రావాలా?"

"అవునమ్మా. ట్యాంకులో మందు కలుపుతారు. శుద్ధి అయి వస్తాయి."

"ఇప్పుడు శుద్ధిగా లేవా?"

నేను మాట మార్చి, పిల్ల బాగుందా అని అడిగాను. పిల్ల గుమ్మంలో నిలబడి నన్ను చూస్తూంది. మరియమ్మ దాన్ని లోపలికి పిలుచుకుంది. దొడ్డి రాసిచ్చేసింది, వేలిముద్ర వేసేసింది, ఇంక అనడానికేముంది.

ఆ ఏడాది నాకు మంచి పనిమంతుడని పేరొచ్చింది. గొడవ లేకుండా స్కీము పూర్తిచేసిన ఏఈ అని మీటింగులో చెప్పారు. నేను లేచి నమస్కారం కూడా పెట్టాను.

మోటారు చప్పుడు

పొద్దున్నే మోటారు వేస్తే మరియమ్మ ఇంటి గోడ అదిరేది. ఆమె దొడ్లోంచి నీళ్లు గంటల తరబడి ఊళ్లోకి పోయేవి. ఊళ్లో కుళాయిలు వచ్చాక జనానికి ముచ్చట తీరలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి ప్రతి ఇంట్లోనూ కుళాయికి సొంత మోటారు బిగించుకుని లాగటం మొదలెట్టారు. గేదెలు రోజూ రెండు స్నానాలు చేశాయి. ఊరు చివర లైనులోకి దిగేసరికి నీళ్లలో ఊపిరి లేదు. పల్లె మెరక ఎక్కాలి గదా, ఎక్కలేదు. మరియమ్మ గుమ్మం ముందు కుళాయి నిలబెట్టాను, మాట తప్పలేదు. దాంట్లో గాలి వచ్చేది.

పల్లెవాళ్లు మళ్లీ పాత చేతిపంపు దగ్గరికే పోయారు. ఎస్తేరు మళ్లీ ఆ నీళ్లే తాగింది.

ఒకరోజు ప్రెసిడెంటుగారి నుంచి ఫిర్యాదు వచ్చింది. మోటారు లైను నుంచి పల్లెలో నీళ్లు దొంగతనంగా పట్టుకుంటున్నారని. పంపు ఆపరేటరు కోటయ్యని వెంటబెట్టుకుని పోయాను. కోటయ్య ఊరివాడు, నోరు తక్కువ మనిషి. మరియమ్మ దొడ్డి పక్కన మోటారు లైనుకి ఒక వాల్వు ఉంది. వాల్వు తిప్పే కడ్డీ చుట్టూ నూనెతాడు చుట్టి పైన బిళ్లతో బిగిస్తాం, గ్లాండు అంటాం. తాడు అరిగితే అక్కడ కారుతుంది. కారుతూంది. దాని కింద మరియమ్మ చిన్న సత్తు గిన్నె పెట్టుకుని కూచుంది. పక్కన ఎస్తేరు. మోటారు నడిచే రెండు మూడు గంటల్లో ఒక బిందె నిండుతుందట. ఒక్క బిందె. పిల్లకి సరిపోతుందట.

"మేమేం కొయ్యలేదు సారూ, బద్దలు కొట్టలేదు. అదే కారతంది" అంది.

ఫిర్యాదు చేస్తూ ప్రెసిడెంటుగారు అన్న మాటలు నా చెవుల్లో ఉన్నాయి. "ఎన్ని నీళ్లు పోతున్నాయని కాదు సార్. ఊరికి రాకముందే గిన్నె తగులుతూంది గదా." పైగా రూలు నా పక్కనే ఉంది. లీకేజీ ఉండకూడదు. ఏ ఇంజనీరుని అడిగినా అదే చెబుతాడు.

కోటయ్య స్పానరు పట్టుకుని నిలబడ్డాడు గానీ కదల్లేదు. "సార్, రేపు చేద్దాంలెండి, కొత్త తాడు లేదు" అన్నాడు. తాడు అతని సంచిలోనే ఉంది, నాకు కనబడుతూంది. నేనే స్పానరు తీసుకున్నాను. పాత తాడు పీకి, కొత్తది చుట్టి, బిళ్ల బిగించాను. చుక్క ఆగింది. నా సర్వీసులో నా చేత్తో నేను చేసిన పనులు చాలా తక్కువ. వాటిలో అదొకటి. చాలా బాగా చేశాను. ఆ గ్లాండు మళ్లీ ఎప్పుడూ కారలేదు.

మరియమ్మ గిన్నెలో ఉన్న నీళ్లు బిందెలో వంచుకుని లేచింది. "కానీండి సారూ. మీ పని మీరు చెయ్యాల గదా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ప్లాస్టిక్ గ్లాసు

తర్వాత నన్ను ప్రకాశం వైపు మార్చారు. నాలుగేళ్లు అక్కడ చేసి, డీఈగా మళ్లీ సత్తెనపల్లికే వచ్చాను. పాత డీఈ గారి కుర్చీలో కూచుని, ఆయన లాగే కళ్లజోడు తీసి పెట్టుకోవడం కూడా మొదలెట్టాను. ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు ఇంకా పెద్దమనిషే, పదవి మాత్రం ఇప్పుడు వాళ్ల ఆవిడ పేరు మీద ఉంది. కలవడానికి పోయాను. నా వెంట కొత్తగా చేరిన ఏఈ ఉన్నాడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, వాళ్లది తెనాలి దగ్గర రైతు కుటుంబం.

కుర్రాడికి స్టీలు గ్లాసులో కాఫీ వచ్చింది. నాకు రాలేదు. లోపల్నుంచి ప్రెసిడెంటుగారి భార్య గొంతు వినిపించింది. "ఏవండీ, ప్లాస్టిక్ గ్లాసులు అయిపోయినయ్!"

"కొట్టుకి పంపించవే!" అన్నాడాయన.

"స్టీలు గ్లాసయినా ఫర్వాలేదమ్మా" అన్నాను నేను, మామూలుగా.

వరండాలో అందరూ ఒక్కసారి కాఫీ తాగడం ఆపేశారు. కుర్రాడు తన గ్లాసు వంక చూసుకున్నాడు, నా వంక చూశాడు, ఎర్రగా అయిపోయాడు. వాడికి నాకంటే ముందు అర్థమైంది. "అబ్బెబ్బే, మీరు పెద్ద ఆఫీసర్లు సార్, మీకు కొత్తదే ఇవ్వాలి" అన్నాడు ప్రెసిడెంటుగారు. కొట్టు నుంచి గ్లాసు వచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టింది. తాగాను. లేచి రావాల్సింది, తాగాను. దానికి ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

మేం దూదేకులవాళ్లం. సాయిబుల్లో కూడా మమ్మల్ని కాస్త పక్కన కూచోబెడతారు. మా నాన్న భుజాన దూది ఏకే వింటిబద్ద వేసుకుని, సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పరుపులు కుట్టాడు. ఆ ఊళ్లోనూ కుట్టాడు. ప్రెసిడెంటుగారి పెళ్లి పరుపు మా నాన్న చేతిదేనని ఆయనే నాకు ఒకసారి గర్వంగా చెప్పాడు. మా నాన్న చేతుల్లోంచి వచ్చిన పరుపు మీద పడుకోవచ్చు. ఆయన కొడుకు మూతి తగిలిన గ్లాసు కడుక్కోవడం మాత్రం కుదరదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకుని మండిపడ్డాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ వింది.

"ఇన్నేళ్లకి తెలిసిందా మీకు?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"మా చిన్నప్పట్నుంచీ తెలుసు. మీరు ఆఫీసరయ్యాక మర్చిపోయారు." చాట పక్కన పెట్టింది. "ఆ గ్లాండు బిగించిన ఊరేగా అది? ఆ మరియమ్మ ఎప్పుడన్నా మంచినీళ్లిస్తే తాగారా మీరు?"

ఎన్నిసార్లు ఇచ్చిందో లెక్కపెట్టుకున్నాను. ఎన్నిసార్లు ఇప్పుడే తాగొచ్చానమ్మా అన్నానో కూడా. నాకు దెబ్బ తగిలితే గానీ నేను కొట్టిన దెబ్బ గుర్తుకు రాలేదు. మంచివాణ్ణని చెప్పుకోను.

పనికిరాని నీళ్లు

మోటారు లైనుకి పల్లెలో కుళాయిలు పెట్టాలి. అదొక్కటే దారి. కానీ పెడితే పల్లె ముందు తాగుతుంది, ఊరు తర్వాత తాగుతుంది. ఆ మాట నోటితో అంటే వందమంది ట్రాక్టర్లేసుకుని సత్తెనపల్లి ఆఫీసు ముందు కూచుంటారు. అందుకని ఈసారి నేను ఫైలుని వాడుకున్నాను.

"మోటారు కాలిపోయే ప్రమాదం ఉందండీ" అని ప్రెసిడెంటుగారికి చెప్పాను. "పొద్దున్నా సాయంత్రం మోటారు వెయ్యగానే మొదటి గంట నీళ్లు బోరు దగ్గరే వదిలెయ్యాలి. బోరు అడుగున తుప్పు ఉంటుంది, అది లైన్లో అడ్డంపడితే మోటారు కాలుతుంది, ట్యాంకులోకి వస్తే ఆరోగ్యానికి మంచిది కాదు."

"అయితే వదిలెయ్యండి సార్, మనకెందుకు ఆ నీళ్లు."

"వదిలితే పల్లెవాళ్లు పట్టుకుంటారేమో."

"పట్టుకోనివ్వండి పాపం! మనకి పనికిరానివే గదా" అన్నాడు. ఎంత ఉదారంగా అన్నాడో చెప్పలేను. ఆ తర్వాత ఎన్నికల్లో, పల్లెకి నీళ్లు నేనే ఇప్పించానని మైకులో చెప్పుకున్నాడు కూడా.

తుప్పు లేదు, గిప్పు లేదు. మరియమ్మ దొడ్డి పక్కన, పాత వాల్వు దగ్గరే, నాలుగు కుళాయిలు పెట్టించాను. ఎస్టిమేటులో వాటి పేరు "వృథానీటి విడుదల ఏర్పాటు". కోటయ్య కుళాయిలు బిగిస్తూ, "నాకర్థమైంది సార్. ఎవరడిగినా నేను మోటారు సంగతే చెబుతా" అన్నాడు. ఆ ఊళ్లో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి మాట అది.

ఈ ముక్క చెప్పగానే కొత్త పిల్లలు చప్పట్లు కొడతారు. "భలే బుట్టలో వేశారు సార్!" అంటారు. కొట్టొద్దు. నేను ఎవర్నీ బుట్టలో వెయ్యలేదు. పల్లె దొడ్లో నీళ్లు పల్లెవాళ్లకి హక్కుగా ఇవ్వాల్సింది పోయి, ఊరికి పనికిరానివని రాసి ఇచ్చాను. ప్రభుత్వ కాగితం మీద ఇవాళ్టికీ ఆ నీళ్ల పేరు అదే. రేపు ఎవడో ఏఈ వచ్చి వృథా ఎందుకు అని ఆ నాలుగు కుళాయిలూ కట్టేస్తే, రూలు వాడి పక్కనే ఉంటుంది. నాకు ఉద్యోగం ఉంది, సంతకం ఉంది, ఆ సంతకంతో ఉన్నమాట రాసే ధైర్యం లేదు. తెలివి ఉండి ధైర్యం లేని ఇంజనీరుతో ఊరికి చాలా సౌకర్యం.

మీరు ప్లాను ముందేసుకున్నప్పుడు లైను ఎక్కడ మొదలవుతుందో చూడకండి, ఎక్కడ అయిపోతుందో చూడండి. చివరి కుళాయి ఎవరిదో అడగండి. స్థానికుల మనోభావాలు అని ఎవరన్నా అంటే, ఏ స్థానికులని అడగండి. నేను అడగలేదు.

నీళ్లు తాగడానికి

రిటైరయ్యే ముందు ఒకరోజు పని కల్పించుకుని ఆ ఊరు పోయాను. ఊళ్లోకి పోలేదు, తిన్నగా పల్లెకే పోయాను. నీళ్లు తాగడానికే పోయాను. మా ఆవిడతో చెప్పి మరీ బయల్దేరాను.

కుళాయిల దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మరియమ్మ పూర్తిగా వంగిపోయింది, మంచం మీద కూచుని ఉంది. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. "రండి సారూ, రండి. మళ్లా ఏమన్నా బిగించాలా?" అని నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏం చెయ్యను.

"లేదమ్మా. దాహంగా ఉంది. మంచినీళ్లిస్తావా?"

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత లోపలికి కేకేసింది. "ఎస్తేరూ, సారుకి మంచినీళ్లు తేయే!"

ఎస్తేరు వచ్చింది. పధ్నాలుగేళ్ల పిల్ల. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒరుసుకుంటూ, పాదాలు ఎడంగా, ఒక్కో అడుగూ పక్కకి ఊగుతూ వేస్తూంది. నాలుగు కుళాయిలు వచ్చేసరికి దానికి ఎనిమిదేళ్లు. డాక్టరు చెప్పిన గడువు అప్పటికే దాటిపోయింది. గ్లాండు కింద గిన్నె పెట్టి నింపుకునే ఆ ఒక్క బిందె ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియదని చెప్పుకుంటూనే ఇన్నేళ్లూ ఉన్నాను. గుమ్మం నుంచి నా దగ్గరికి పది అడుగులు. వచ్చేలోపల గ్లాసులో సగం నీళ్లు ఒలికాయి.

ఆ పిల్ల చేతిలో ఉన్నది ప్లాస్టిక్ గ్లాసు. తెల్లది, కొత్తది.

"మీలాంటోళ్లు ఎవరన్నా వస్తే ఉండాలని ప్యాకెట్టు కొనిపెట్టా సారూ" అంది మరియమ్మ. "ఎవరూ వాడంది. శుభ్రమైంది."

గ్లాసు అందుకోకుండానే అడిగాను. "స్టీలు గ్లాసు లేదామ్మా?"

"ఎందుకు లేదు సారూ, ఉన్నాయి. అయి మేం తాగేయి గదా."

ఆ ప్లాస్టిక్ గ్లాసులోనే తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి.